పికప్ బండ్లలో వాటర్ పంపు: అరుగుదల, మార్పిడి

వాటర్ పంపు అంటే ఇంజన్‌లో పుట్టిన వేడిని రేడియేటర్ దాకా మోసుకెళ్లే నీటిని ఆగకుండా తిప్పే పంపు. బండి నడుస్తున్నంతసేపూ అది తిరగాల్సిందే. అది నిలిచిపోయాక ఇంజన్‌కు మిగిలేది కొద్ది నిమిషాలే. హైదరాబాద్ తూర్పున దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్, వనస్థలిపురం మీదుగా సాగే విజయవాడ రోడ్డులో సరకు పికప్‌లు రేయింబవళ్లు తిరుగుతాయి. రెండు, మూడు లక్షల కిలోమీటర్లు దాటిన బండ్లు వీటిలో కొల్లలు. ఆ వయసు బండిలో వాటర్ పంపు ఎందుకు పోతుంది, పోయే ముందు ఏ గుర్తులు చూపిస్తుంది, మార్చేటప్పుడు ఏం చూసుకోవాలి అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

తూర్పు వాకిలి

ఎల్బీనగర్ చౌరస్తాలో మూడు పెద్ద దారులు కలుస్తాయి. ఒకటి 65వ నంబరు జాతీయ రహదారి, పాత లెక్కలో 9వ నంబరుది. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి వచ్చి హయత్‌నగర్, చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ దాటి విజయవాడ చేరుతుంది. ఉప్పల్, నాగోలు వైపు నుంచి వచ్చే ఇన్నర్ రింగ్ రోడ్డు రెండోది. బీఎన్ రెడ్డి నగర్ మీదుగా ఇబ్రహీంపట్నం వైపు పోయే నాగార్జునసాగర్ దారి మూడోది. ఈ మూడు దారుల్లో వచ్చే కూరగాయలు, పండ్లు, పాలు, సిమెంటు, ఫర్నిచర్ నగరపు గల్లీల్లోకి చేరాలంటే పికప్ ఎక్కాల్సిందే. పగటిపూట పెద్ద లారీలను నగరంలోకి రానివ్వరు కాబట్టి చివరి పాతిక కిలోమీటర్ల బరువంతా ఈ చిన్న బండ్ల మీదే పడుతుంది.

కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ దశాబ్దాల పాటు ఈ రాకపోకలకు కేంద్రం. మామిడి కాలంలో చుట్టుపక్కల దారులన్నీ బండ్లతో కిక్కిరిసేవి. 2021–22లో మార్కెట్ బాటసింగారానికి తరలింది. పాత స్థలంలో టిమ్స్ ఆసుపత్రి కట్టడం మొదలైంది. బాటసింగారం ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల ఉంది. దాంతో దిల్‌సుఖ్‌నగర్ తోపుడు బండి మీదికి చేరాల్సిన బత్తాయి ఇప్పుడు ఇరవై కిలోమీటర్లకు పైగా పికప్‌లో రావాలి. అందులో సగం దారి హైవే, మిగతాది సిగ్నళ్లు. రైతుబజార్ల పథకం 1999 జనవరి 26న మొదలైనప్పటి నుంచి సరూర్‌నగర్, వనస్థలిపురం బజార్లకు కూరగాయలు తెచ్చే బండ్ల సంగతీ ఇంతే.

బండ్ల విషయానికొస్తే, 1986లో వచ్చిన టాటా 407, 2005 మేలో వచ్చిన టాటా ఏస్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్, వీటన్నిటి నడుమ మహీంద్రా బొలెరో పికప్ ఈ రోడ్డులో కనిపించే ముఖ్యమైన రకాలు. తెలుగు నేలకు ఈ పరిశ్రమతో ఉన్న చుట్టరికం చాలామందికి గుర్తుండదు. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు తయారుచేసిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ 1980లలో జపాన్ నిస్సాన్ సహకారంతో జహీరాబాద్‌లో తేలికపాటి ట్రక్కులు చేసింది. 1989లో ఆ ట్రక్కుల కంపెనీ మహీంద్రా చేతికి వెళ్లింది. అటు శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు డీ-మ్యాక్స్ పికప్‌లు తయారవుతున్నాయి.

లోపల ఏముంది

పైకి చూస్తే రెండు చేతుల్లో ఇమిడే లోహపు ముద్ద. దానికి ఒక పుల్లీ, నాలుగైదు బోల్టు రంధ్రాలు. లోపల ఒక షాఫ్టు ఉంటుంది. బయటి చివర పుల్లీ, లోపలి చివర ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం, నడుమ బేరింగు, సీలు. షెడ్లలో కొందరు ఈ మొత్తాన్ని వాటర్ బాడీ అంటారు. ఇంపెల్లర్ గిర్రున తిరుగుతూ నడుమకు చేరిన నీటిని అంచులకు విసురుతుంది. ఆ ఊపుతో నీరు ఇంజన్ బ్లాకులోని జాకెట్లలోకి, అక్కడి నుంచి సిలిండర్ హెడ్‌లోకి, నీటి వేడిని బట్టి తెరుచుకునే థర్మోస్టాట్ దాటి రేడియేటర్‌లోకి వెళ్లి, చల్లబడి మళ్లీ పంపు దగ్గరికి వస్తుంది. డీజిల్ మండితే వచ్చే శక్తిలో పావు నుంచి మూడో వంతు దాకా ఈ నీటి ద్వారానే బయటికి పోవాలి.

రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజన్ పంపు పూర్తి వేగంలో నిమిషానికి వంద లీటర్లకు అటూఇటూగా తోస్తుంది. కూలింగ్ వ్యవస్థలో ఉండే నీరేమో పది లీటర్ల లోపే. అంటే అదే నీరు నిమిషానికి పదిసార్లు ఇంజన్‌ను చుట్టి వస్తుందన్నమాట.

బేరింగుకు జీవితకాలానికి సరిపడా గ్రీజు ఫ్యాక్టరీలోనే నింపి మూసేస్తారు. తర్వాత పెట్టడానికి దారి ఉండదు. సీలు పనితనం ఇంకా సున్నితం. ఒకవైపు కార్బన్ బిళ్ల, మరోవైపు సిరామిక్ లేదా సిలికాన్ కార్బైడ్ బిళ్ల, రెంటినీ ఒరుసుకునేలా నొక్కి పట్టే స్ప్రింగు. ఆ రెండు ముఖాల మధ్య కంటికి కనిపించనంత పలచటి కూలెంట్ పొర ఉంటుంది. సీలుకు నూనె, చలువ రెండూ అదే. నీళ్లు లేకుండా ఇంజన్ తిరిగితే ఆ పొర ఆవిరైపోతుంది, ముఖాలు కాలి గీసుకుపోతాయి. ఎండిన పంపుతో కొద్దిసేపు నడిపిన బండిలో తర్వాత ఎన్ని నీళ్లు పోసినా సీలు కారుతూనే ఉండటానికి కారణమిదే.

సీలుకూ బేరింగుకూ మధ్య పంపు ఒంటికి కింది వైపున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. వీప్ హోల్ అంటారు. సీలు దాటి వచ్చిన చుక్క బేరింగులోకి వెళ్లి గ్రీజును కడిగేయకుండా ఆ దారిన బయటపడాలని దాన్ని పెట్టారు. కొత్త పంపు అమర్చిన తొలి రోజుల్లో అక్కడ కాస్త తడి కనిపించడం మామూలే. ధారగా కారడం మాత్రం మామూలు కాదు. కారుతున్న ఆ రంధ్రాన్ని ఎంసీల్ పెట్టి మూసేసేవాళ్లూ ఉన్నారు. చుక్కలు ఆగుతాయి, నీళ్లు బేరింగులోకి మళ్లుతాయి, సీలుతో పోవాల్సిన నష్టం బేరింగు దాకా పాకుతుంది.

కొంచెం వెనక్కి వెళ్తే

మొదట్లో ఈ పంపు అవసరమేనని అందరూ ఒప్పుకోలేదు. కార్ల్ బెంజ్ 1886 నాటి మూడు చక్రాల బండిలో నీరు ఆవిరై పోతూ ఇంజన్‌ను చల్లబరిచేది. తరిగినంతా మళ్లీ పోసుకోవడమే. విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు రేడియేటర్‌తో 1901 మెర్సిడెస్ వచ్చాక తక్కువ నీటితో ఎక్కువ వేడి దించడం సాధ్యమైంది. 1908లో మొదలైన ఫోర్డ్ మోడల్ టీ కథ మరీ విచిత్రం. తొలి రెండున్నర వేల బండ్లకు వాటర్ పంపు పెట్టి, తర్వాత తీసేశారు. వేడి నీరు పైకి, చల్లని నీరు కిందికి తనంతట తానే కదిలే సూత్రం మీదే ఆ కారు 1927 దాకా నడిచింది. ఇరవై హార్స్‌పవర్ ఇంజన్‌కు అది చాలింది. టన్నున్నర బరువుతో మే నెలలో నార్కట్‌పల్లి దాటే డీజిల్ ఇంజన్‌కు చాలదు.

కిలోమీటర్లా, గంటలా

వాటర్ పంపు లక్ష నుంచి లక్షన్నర కిలోమీటర్లు వస్తుందన్నది సాధారణంగా చెప్పే లెక్క. ఈ లెక్క మీద పూర్తిగా ఆధారపడితే ఎల్బీనగర్ బండ్ల విషయంలో తప్పు లెక్కే అవుతుంది. పంపు అరిగేది చక్రాలతో కాదు, ఇంజన్‌తో. గంటకు సగటున యాభై కిలోమీటర్లు పోయే హైవే బండికి లక్ష కిలోమీటర్లంటే రెండు వేల గంటలు. మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో గంటకు పదిహేను దాటని బండికి అదే లక్ష కిలోమీటర్లు ఆరు వేల ఆరు వందల గంటలకు పైమాటే. బండి నిలబడి ఉన్నప్పుడు పంపు తిరిగే వేగం తక్కువే, నిజం. కానీ సీలు వేడిలో నానుతూనే ఉంటుంది, ఎదురుగాలి ఉండదు, బెల్టు ఫ్యాను కూడా మందకొడిగా తిరుగుతుంది. మియాపూర్ మెట్రో లైనులో అమీర్‌పేట – ఎల్బీనగర్ భాగం 2018 సెప్టెంబరు 24న మొదలైంది. దాని పనుల కాలంలో ఇరుకైన ఆ రోడ్డు మీద గంటల తరబడి నిలబడ్డ బండ్లు ఓడోమీటర్‌లో కనిపించని వయసును పోగేసుకున్నాయి.

మీటరు తిప్పేసిన సెకండ్‌హ్యాండ్ పికప్‌ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. మొత్తానికి ఈ రోడ్డులో పంపు ఆయుష్షును తేల్చేవి మీటరు మీది అంకెకంటే ఎక్కువగా రేడియేటర్‌లో ఇన్నాళ్లు ఏం పోశారు, బెల్టు ఎంత బిగించారు అన్న రెండు విషయాలే.

నీళ్ల సంగతి

సముద్ర మట్టానికి ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో నీరు దాదాపు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. రేడియేటర్ మూత లోపలి ఒత్తిడిని 0.9 బార్ దాకా ఆపగలిగితే ఆ మరుగు స్థానం 118 డిగ్రీల దాపుకు పెరుగుతుంది. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపితే, అంటే కూలెంట్ పోస్తే, ఇంకొన్ని డిగ్రీలు కలిసొస్తాయి. మన ఊళ్లో మంచు కురవదు కదా, కూలెంట్ ఎందుకు అనే మాట డ్రైవర్ల నోట తరచూ వస్తుంది. గడ్డకట్టకుండా చూడటం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. ఇక్కడ దాని అసలు ప్రయోజనం మరుగు స్థానం పెంచడం, తుప్పును ఆపే రసాయనాలు అందించడం.

ఎల్బీనగర్ చుట్టుపక్కల కాలనీలు చాలాకాలం బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతికాయి. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీరు సాహెబ్‌నగర్ రిజర్వాయర్ దాకా 2004లో వచ్చాక ఇళ్లకు కొంత ఊరట దక్కింది. షెడ్ల ముందున్న డ్రమ్ముల్లో మాత్రం ఇప్పటికీ బోరు నీళ్లే ఎక్కువ. అక్కడి నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే పాత నల్గొండ జిల్లా. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలకు చేసిన చేటు లోకమంతా ఎరిగినదే. అయితే రేడియేటర్‌కు ఫ్లోరైడ్ కంటే పెద్ద శత్రువు ఆ నీటి కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వేడెక్కిన చోట అవి సున్నపు పొరలా పేరుకుంటాయి. ఆ పొర లోహంతో పోలిస్తే వేడిని చాలా తక్కువగా వదులుతుంది. సన్నటి రేడియేటర్ గొట్టాలను పూడ్చేస్తుంది. పొర నుంచి ఊడిన పెచ్చులు నీటితో తిరుగుతూ సీలు ముఖాల మధ్య చేరి వాటిని గీరుతాయి. నీటిలోని క్లోరైడ్లు అల్యూమినియం పంపు ఒంటికి గుంటలు పెడతాయి. పోతఇనుము భాగాలు తుప్పుపడితే రేడియేటర్ నీరు ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. మూత తీయగానే ఆ రంగు కనిపిస్తే పంపు ఇంపెల్లర్ రెక్కలు కూడా అరిగి ఉంటాయని అనుమానించవచ్చు.

నష్టం ఒక్క రోజులో జరగదు. కొత్త బండిలో కంపెనీ పోసిన కూలెంట్ ఉంటుంది. హోస్ పైపు క్లిప్పు దగ్గర ఎక్కడో కొంచెం కారుతుంది. డ్రైవరు ధాబా దగ్గర ఒక సీసా నీళ్లు, పెట్రోలు బంకులో మరో సీసా పోస్తాడు. ఏడాది తిరిగేసరికి వ్యవస్థలో కూలెంట్ పేరుకే మిగులుతుంది. తుప్పును ఆపే రసాయనాలు పలచబడతాయి. ఇంకొందరు పాత ఆకుపచ్చ కూలెంట్ మీద ఎర్రది పోస్తారు. రంగుకు ప్రమాణం లేదు; ఒక్కో కంపెనీ ఒక్కో రంగు కలుపుతుంది. లోపలి రసాయనాలు పడనివైతే జెల్ కట్టి గొట్టాలకు అడ్డం పడతాయి. డబ్బా మీద రంగు కన్నా భారత ప్రమాణం ఐఎస్ 5759 లేదా జపాన్ ప్రమాణం జేఐఎస్ కె 2234 గుర్తు ఉందా, బండి కంపెనీ చెప్పిన రకమేనా అని చూడటం మేలు. నీరు కలపని చిక్కటి ద్రావణం కొంటే అందులో కలపాల్సింది డీమినరలైజ్డ్ నీరు. అది బ్యాటరీ దుకాణాల్లో డబ్బాల్లో దొరుకుతుంది.

మే నెల మధ్యాహ్నం ఇంజన్ పొగలు కక్కుతుంటే బకెట్టు చన్నీళ్లు తెచ్చి రేడియేటర్‌లో గుమ్మరించడం ఈ రోడ్డు మీద పాత అలవాటు. ఆ దెబ్బకు సీలులోని సిరామిక్ బిళ్ల పగలవచ్చు, సిలిండర్ హెడ్ వంగవచ్చు. పంపు బాగానే ఉండి వేరే కారణంగా వేడెక్కిన బండి కూడా ఈ ఉపచారంతో పంపు పోగొట్టుకుంటుంది.

అరుగుదల తీరు

సీలు తర్వాత ఎక్కువగా పోయేది బేరింగు. దానికి ప్రధాన కారణం బెల్టు బిగింపు. బెల్టు జారి కీచుమంటే టెన్షనర్‌ను రాడ్డుతో లాగి బిగించడం తేలికైన చిట్కా. బిగువు మితిమీరితే షాఫ్టు మీద పక్కబలం పెరిగి బేరింగు గోళీల దారి గుంటలు పడుతుంది. చాలా పాత డీజిల్ పికప్‌లలో రేడియేటర్ ఫ్యాను కూడా పంపు షాఫ్టు మీదే కూర్చుంటుంది. ఆ ఫ్యాను రెక్క ఒకటి విరిగినా, వంగినా పంపు ప్రతి చుట్టుకూ ఊగుతుంది. విరిగిన రెక్కకు ఎదురుగా ఉన్న మంచి రెక్కను కూడా కోసేసి సమతూకం చేసే ఉపాయం రోడ్డు మీద బండిని ఇంటికి చేర్చడానికి పనికొస్తుంది. ఆ ఫ్యానుతోనే ఏడాది నడపడం బేరింగుకు కూడదు.

ఇంపెల్లర్ చావు చప్పుడు లేకుండా వస్తుంది. రేడియేటర్ మూతలోని రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలవకపోతే పంపు లోపలికి పీల్చే వైపున నీరు చిన్న చిన్న ఆవిరి బుడగలుగా మారి, రెక్కల మీద పగులుతుంది. ఆ బుడగలు పగిలిన చోటల్లా లోహం రవ్వంత ఊడుతుంది. కొన్నాళ్లకు రెక్కల అంచులు కొరుక్కుతిన్నట్టు అవుతాయి. ప్లాస్టిక్ ఇంపెల్లర్లలో రెక్క విరగడం, ఇంపెల్లర్ షాఫ్టు మీద జారిపోవడం కూడా జరుగుతాయి. అప్పుడు పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, చుక్క కారదు, శబ్దం రాదు. నీరు మాత్రం కదలదు. మామూలు చవక మూత వేసి రెండు వందలు మిగుల్చుకున్న యజమాని ఈ తరహా నష్టానికి కారణం ఎక్కడుందో ఊహించడు.

ఇక థర్మోస్టాట్ పీకేయడం. వేసవిలో వేడెక్కిన ప్రతి పాత బండికీ ఇదే మొదటి వైద్యం. అది లేకపోతే నీరు ఎప్పుడూ రేడియేటర్ గుండా పోతుంది కాబట్టి బండి చల్లగా ఉంటుందన్న నమ్మకం. కానీ అది లేకపోతే ఉదయం పూట ఇంజన్ చాలాసేపు తగిన వేడికి చేరదు. డీజిల్ సరిగా మండదు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి, డీజిల్ ఖర్చు పెరుగుతుంది. పైగా చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. అది లేనప్పుడు నీటిలో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగొస్తుంది. వేడెక్కడానికి అసలు కారణం పూడిన రేడియేటరో అరిగిన పంపో అయితే థర్మోస్టాట్ పీకివేత దాన్ని కొన్ని వారాలు కప్పిపుచ్చుతుంది, అంతే.

శ్రీశైలం ఘాట్ ఎక్కే పికప్‌లలో డ్రైవర్లు గమనించే విషయం ఒకటుంది. పై గేరులో ఇంజన్‌ను ఈడ్చినప్పుడు సూది ఎక్కుతుంది. ఒక గేరు తగ్గిస్తే దిగుతుంది. పంపు వేగం ఇంజన్ వేగంతోనే పెరుగుతుంది కాబట్టి తక్కువ గేరులో నీరు, గాలి రెండూ ఎక్కువగా కదులుతాయి. అరిగిన పంపు ఉన్న బండిలో ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది.

గుర్తుపట్టడం

రాత్రి నిలిపిన చోట పొద్దున నేల మీద తడి, వీప్ హోల్ కింద తెల్లగానో ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఎండిన చార, తీయటి వాసన: ఇవి సీలు పోతోందనడానికి గుర్తులు. ఇంజన్ ముందు భాగం నుంచి గరగర శబ్దం వచ్చి, యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పెరిగితే బేరింగును అనుమానించాలి. ఇంజన్ ఆపి, బెల్టు తీసి, పుల్లీని చేత్తో ఊపి చూడాలి. అటూఇటూ ఏమాత్రం ఆడినా, తిప్పుతుంటే గరుకుగా తగిలినా పంపు ఆయుష్షు తీరినట్టే. ఆల్టర్నేటర్ బేరింగు, టెన్షనర్ కూడా ఇలాంటి శబ్దమే చేస్తాయి. బెల్టు తీసి ఒక్కోదాన్నీ విడిగా తిప్పకుండా పంపును నిందించకూడదు.

వేడెక్కిన ప్రతి బండికీ పంపే దోషి కాదు. రేడియేటర్ ముందు దుమ్ము, ఎండుటాకులు, పురుగులు మూసుకుపోవడం ఈ ప్రాంతంలో అన్నిటికన్నా మామూలు కారణం. హెడ్ గ్యాస్కెట్ పోతే రేడియేటర్‌లో బుడగలు వస్తాయి, ఇంజన్ ఆయిలు పాలు కలిసినట్టు తెల్లబడుతుంది. విస్కస్ ఫ్యాన్ క్లచ్ జారితే సిగ్నల్ దగ్గర వేడెక్కి, హైవే ఎక్కగానే దిగుతుంది. ప్రెషర్ టెస్టర్ అనే చేతిపంపుతో చల్లని ఇంజన్‌లో ఒత్తిడి పెట్టి చూస్తే కారే చోటు ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. ఖరీదైన పనిముట్టు కాకపోయినా చిన్న షెడ్లలో అరుదుగానే కనిపిస్తుంది.

డ్రైవర్లను తరచూ మోసం చేసేది మీటరు సూది. టెంపరేచర్ సెన్సర్ నీటిలో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది. నీళ్లన్నీ కారిపోతే సెన్సర్ చుట్టూ ఆవిరి, గాలి మాత్రమే మిగిలి సూది పెరగడం మాని కిందికి దిగవచ్చు కూడా. సూది దిగింది కదా అని ఇంకో పది కిలోమీటర్లు లాగితే ఇంజన్ సీజ్ అవుతుంది. కొత్త బండ్లలో కంప్యూటర్ వేడిని పసిగట్టి ఇంజన్ శక్తిని తగ్గించేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఎగ్జాస్ట్ వాయువును చల్లార్చే ఈజీఆర్ కూలర్ భారం కూడా ఈ నీటి మీదే పడుతుంది. కాబట్టి వాటిలో ఉత్త నీళ్లతో బండి లాగించే పాత అలవాటు పాత ఇంజన్లలో కంటే త్వరగా దెబ్బకొడుతుంది.

మార్పిడి

పంపు బయట ఉండి బెల్టుతో తిరిగే పికప్‌లలో ఇది అలవాటైన చేతికి సగం రోజు లోపు పని. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపులైతే బెల్టు మార్పుతో కలిపే చేయాలి. అక్కడ శ్రమంతా విప్పడంలోనే ఉంటుంది. బెల్టు కొత్తది, పంపు పాతది అని వదిలేస్తే కొన్నాళ్లకే అదే శ్రమ మళ్లీ.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తెరవాలి. వేడి మీద తెరవడం కొరివితో తల గోక్కోవడమే: ఒత్తిడి పోగానే నూరు డిగ్రీలు దాటిన నీరు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి మొహాన కొడుతుంది. నీరు కింది కుళాయి గుండా పాత్రలోకి దించాలి. గ్లైకాల్ తీయగా ఉంటుంది, విషం. మురికి కాలువలో వదిలితే కుక్కలు, పశువులు తాగే ప్రమాదముంది. తర్వాత ఫ్యాను కవచం, ఫ్యాను, బెల్టు, పుల్లీ, హోసులు విప్పి పంపు బోల్టులు తీస్తారు. అన్ని బోల్టుల పొడవు ఒకటి కాదు. ఏది ఎక్కడిదో అట్టముక్క మీద గుచ్చి పెట్టుకునే మేస్త్రీ పని నమ్మకంగా ఉంటుంది. పొడవాటి బోల్టును పొట్టిదాని చోట బిగిస్తే బ్లాకు పగలవచ్చు.

పని నాణ్యత తేలేది పాత ప్యాకింగ్ గీకే దగ్గర. ఇనుప స్క్రూడ్రైవర్‌తో గబగబా గీకితే అల్యూమినియం ముఖం మీద గీతలు పడతాయి, ఆ గీతల్లోంచే రేపు నీరు కారుతుంది. ప్లాస్టిక్ పలకతో, ఓపికగా శుభ్రం చేయాలి. కొత్త ప్యాకింగ్ వేశాక గ్యాస్కెట్ పేస్టు అవసరమని కంపెనీ చెప్పిన చోటే, పలచగా రాయాలి. రెండువైపులా దండిగా పట్టిస్తే అదనపు పేస్టు లోపల ఊడి రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటుంది. బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, కంపెనీ చెప్పిన టార్క్‌కు బిగించాలి. చేతి అంచనా మీదే నడిచే షెడ్లలో అల్యూమినియం మరలు ఊడిపోయిన పంపులు, వాటికి వేసిన పెద్ద సైజు బోల్టులు కనిపిస్తూనే ఉంటాయి.

పంపుతో పాటు బెల్టు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత మార్చడం లాభదాయకం. ఉబ్బిన, పగుళ్లిచ్చిన హోసులు కూడా. పాత నీరు తుప్పు రంగులో ఉంటే కొత్త పంపు పెట్టక ముందే రేడియేటర్, బ్లాకు కడిగించాలి. లేకపోతే పాత చెత్త కొత్త సీలు మీద పడుతుంది. నింపేటప్పుడు గాలి చిక్కుకోకుండా నెమ్మదిగా పోయాలి. హీటర్ ఉన్న బండిలో దాన్ని తెరిచి ఉంచి, గాలి వదిలే స్క్రూ ఉంటే తెరిచి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజన్ నడపాలి. పై హోసు వేడెక్కిందంటే నీరు తిరుగుతోందని అర్థం. చల్లారాక మట్టం మళ్లీ చూడాలి. బాటసింగారం దాకా ఒక ట్రిప్పు వేసి వచ్చాక మరోసారి చూడాలి.

కొత్తదా, రిపేరా

వనస్థలిపురం, హయత్‌నగర్ నడుమ హైవే పక్కనే ఉన్న ఆటోనగర్‌లో లేత్ మిషన్లు, స్క్రాప్ దుకాణాలు, బాడీ కట్టే షెడ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. విజయవాడ జవహర్ ఆటోనగర్ అంత విస్తీర్ణం లేకపోయినా తూర్పు హైదరాబాద్ బండ్లకు ఇదే పెద్దాసుపత్రి. సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల నుంచి విడిభాగాలు వస్తాయి. పాత 407, ట్రాక్టర్ల పోతఇనుము పంపులను ఇక్కడ బేరింగు, సీలు కిట్టు వేసి మళ్లీ బతికిస్తారు. ఆ పంపులు అందుకు తగ్గట్టుగానే తయారయ్యాయి. ఈ పని ప్రెస్సు మీద జరగాలి. సుత్తితో షాఫ్టును దిగ్గొడితే బేరింగు గోళీలు పుట్టుకతోనే గుంట పడతాయి. ఇంపెల్లర్‌కూ పంపు గోడకూ మధ్య ఖాళీ కూడా ముఖ్యం. అది పెరిగితే పంపు తిరుగుతుంది గానీ నీరు వెనక్కి జారుతుంది. కొత్త బండ్ల పలచటి అల్యూమినియం పంపులు మాత్రం విప్పి కట్టడానికి చేసినవి కావు; వాటికి రిపేరు కంటే మార్పిడే చవక.

కొత్తది కొనేటప్పుడు మూడు రకాలు ఎదురవుతాయి: బండి కంపెనీ డబ్బాలో వచ్చేది, సుందరం ఫాస్టెనర్స్ లాంటి విడిభాగాల సంస్థలు తమ పేరుతో అమ్మేది, ఏ పేరూ లేనిది. రెండో రకాన్ని తక్కువ చూడనక్కర్లేదు. అసలు చిక్కు మొదటి రకం డబ్బాలో మూడో రకం సరకు దొరకడం. ముద్రణ మసకగా ఉండటం, పార్ట్ నంబరు కొట్టేసినట్టు ఉండటం, ఇంపెల్లర్ పోతలో గరుకు అంచులు, చేత్తో తిప్పితే తేలిగ్గా గిర్రున తిరగడం అనుమానించాల్సిన గుర్తులు. మంచి కొత్త పంపు సీలు ఒరుసుకుంటూ కొంచెం బిగువుగా, ఒకే తీరుగా తిరుగుతుంది. పాత పంపును పక్కన పెట్టి రెక్కల సంఖ్య, వాటి ఎత్తు, పుల్లీ దూరం పోల్చిచూడాలి. ఒకే మోడల్ బండిలో ఏడాది మారితే పంపు మారిన సందర్భాలున్నాయి.

పంపు ఖర్చు మామూలుగా కొన్ని వేలలో ముగుస్తుంది. హెడ్ వంగి ఇంజన్ విప్పాల్సివస్తే దానికి ఎన్నో రెట్లు. అంతకన్నా యజమానిని కుంగదీసేది బండి షెడ్డులో నిలిచిన వారం పది రోజుల కిరాయి. మామిడి కాలంలో అయితే గోరుచుట్టు మీద రోకటిపోటే. అందుకే కాస్త అనుభవమున్న యజమానులు ఫిబ్రవరిలోనే, ఎండలు ముదరక ముందే, రెండు లక్షలు దాటిన బండిలో పంపు, బెల్టు, మూత ఒకేసారి మార్పించేస్తారు. ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లే పాత బండ్లకు ఆ పనిని దానితో కలుపుకోవడం కూడా ఉంది; అయితే ఫిట్‌నెస్ పరీక్షలో బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు గానీ వాటర్ పంపు బేరింగును ఎవరూ ఊపి చూడరు.

బెల్టు లేని పంపులు

ఇంజన్‌తో ముడిపడకుండా కరెంటుతో తిరిగే పంపు కార్లలో ఇప్పటికే ఉంది. 2004లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎన్52 ఇంజన్, 2009 నాటి మూడో తరం టొయోటా ప్రియస్ ఇందుకు తొలి ఉదాహరణల్లో చేరతాయి. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నా పంపు వేగంగా తిరగగలదు. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ లాంటి చోట అదే కావాలి. టాటా ఏస్‌కు 2022 మేలో విద్యుత్ రూపం వచ్చాక సరకు బండ్లలోనూ డీజిల్ లేని దారి తెరుచుకుంది. ఎలక్ట్రిక్ వాహనాల్లో బ్యాటరీ, మోటారు చల్లార్చే చోట్ల చిన్న కరెంటు పంపులు వాడతారు. వీటిలో చాలావాటికి బెల్టు లాగే పక్కబలం లేదు, షాఫ్టు బయటికి రాదు కాబట్టి పాత తరహా సీలూ లేదు. బదులుగా పోయేవి మోటారు, సర్క్యూట్ బోర్డు, కనెక్టర్. పుల్లీని చేత్తో ఊపి, శబ్దం విని చెప్పే రోగనిర్ధారణ వీటికి పనికిరాదు. స్కానర్ తగిలించి, పంపుకు ఎంత వేగం ఆదేశం వెళ్లింది, అది ఎంత వేగంతో తిరిగింది అని రెండు అంకెలు పోల్చి చూడాలి.